అడవి ఇంజన్, తోట ఇంజన్: పొట్టి రైళ్ళ వెనకున్న లెక్క

తైవాన్‌లోని ఆలీషాన్ అడవి రైలు మార్గం 2009లో వచ్చిన తుఫానుకు దెబ్బతిని, పదిహేనేళ్ళ తర్వాత 2024 జులైలో మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా తెరుచుకుంది. ఆ కొండ మీది ఆవిరి ఇంజన్ల వీడియోలు మన ఫోన్లలోకి కూడా వస్తున్నాయి. వాటిని మొదటిసారి చూసినవాళ్ళకు ఆశ్చర్యం వేస్తుంది. ఇంజన్‌కు ఒక పక్కనే మూడు సిలిండర్లు నిలువుగా నిలబడి ఉంటాయి. వాటి కింద ఒక పొడవాటి ఇనుప షాఫ్టు గిరగిరా తిరుగుతుంటుంది. చక్రాలను కలిపే కడ్డీలు ఎక్కడా కనిపించవు. పొగ, చప్పుడు, కుదుపు చూస్తే ఎంతో వేగంగా పోతున్నట్టు ఉంటుంది గానీ, పక్కన నడిచే మనిషి కాస్త పరిగెత్తితే అందుకునేలా ఉంటుంది.

గిద్దలూరు, మార్కాపురం వైపు పెద్దవాళ్ళకు ఈ వీడియో చూపిస్తే, ‘మన దిగువమెట్ట ఘాట్‌లో తిరిగినవి ఇవేగా’ అనేవాళ్ళు ఉన్నారు. కుర్రాళ్ళు ‘టాయ్ ట్రైన్’ అని తేల్చేస్తారు. రెండూ సరికాదు. దిగువమెట్ట మీదుగా నడిచింది గుంటూరు–గుంతకల్ మీటర్ గేజ్ లైను. అది ప్రయాణికులూ గూడ్సూ తిరిగిన మామూలు ప్రధాన మార్గం. ఆలీషాన్‌ది దుంగలు దింపడానికి వేసిన మార్గం. ఇక టాయ్ ట్రైన్ అనేది పర్యాటకులు వచ్చాక పుట్టిన పిలుపు. ఆ రోజుల్లో ఈ ఇంజన్లను ఎవరూ బొమ్మలుగా చూడలేదు. వాటితో కోట్ల రూపాయల కలప, చక్కెర, టీ కదిలాయి.

అసలు చిక్కు వేరే ఉంది. అడవిలో దుంగలు లాగిన ఇంజన్, చెరకు తోటల్లో తిరిగిన ఇంజన్ రెండూ చిన్నవే కాబట్టి అందరూ ఒకే గాటన కట్టేస్తారు. కానీ వాటి ముందున్న సమస్యలు వేరు, వాటి పరిష్కారాలు వేరు. అది తెలియాలంటే ఇంజన్‌ను కాదు, దాని కింద ఉన్న దారిని ముందు చూడాలి.

గేజ్ చూసి ఇంజన్‌ను అంచనా వేయలేం

రెండు పట్టాల మధ్య దూరమే గేజ్. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ 1,000. వాటికంటే ఇరుకైనవన్నీ న్యారో గేజ్. అందులో మన దేశంలో ఎక్కువగా వాడినవి 762, 610 మిల్లీమీటర్లు. ఆలీషాన్‌ది 762, డార్జిలింగ్‌ది 610.

చిన్న రైలంటే న్యారో గేజ్, పెద్ద రైలంటే బ్రాడ్ గేజ్ అనుకోవడం సహజం. కానీ కేరళలో పరంబికుళం అడవుల నుంచి చాలకుడికి కలప మోసిన కొచ్చిన్ సంస్థానపు అటవీ ట్రామ్‌వే మీటర్ గేజ్‌లోనే నడిచింది. అంటే దొనకొండ లోకో షెడ్డులో నిలబడ్డ ఇంజన్లూ, పరంబికుళంలో దుంగలు లాగిన ఇంజన్లూ ఒకే వెడల్పు పట్టాల మీద తిరిగాయి. అంతమాత్రాన రెండూ ఒకటి కావు.

ఇంజన్‌ను నిర్ణయించేవి మూడు: పట్టా ఎంత బరువు మోస్తుంది, మలుపు ఎంత బిగువుగా ఉంది, దారి ఎంత ఎక్కుడుగా ఉంది. గేజ్ వీటి తర్వాతే.

పట్టా మోయగలిగినంతే ఇంజన్

రైలు బరువు పట్టా మీద ఒకేచోట పడదు. ఇరుసు ఇరుసుకూ పంచుకుంటుంది. అందుకే రైల్వేవాళ్ళు ఇంజన్ మొత్తం బరువు కంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువును ముందు అడుగుతారు. విజయవాడ–గూడూరు లైనులో ఇప్పుడు గూడ్సు లాగే ఎలక్ట్రిక్ ఇంజన్‌కు ఒక్కో ఇరుసు మీద 20 టన్నులకు పైగా ఉంటుంది. దానికోసం మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా వేస్తారు. మీటర్ గేజ్‌లో దేశమంతా తిరిగిన వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లకు ఇరుసుకు పది టన్నుల పైన పడేది.

ఇప్పుడు తోట పట్టా చూడండి. అది మీటరుకు పది కిలోలు ఉంటే ఘనం. చాలాచోట్ల అంతకంటే సన్నం. 1875లో పారిస్ దగ్గర పెటి-బూర్గ్ అనే చోట పాల్ డెకోవిల్ అనే ఆసామి తన పొలంలో చక్కెర దుంపలు బురదలోంచి బయటికి తేలేక ఒక ఉపాయం చేశాడు. రెండు సన్నటి పట్టాలను ఇనుప స్లీపర్లకు ముందే బిగించి, నిచ్చెనల్లాంటి ముక్కలుగా తయారు చేయించాడు. ఇద్దరు మనుషులు ఒక ముక్కను ఎత్తుకుపోయి పొలంలో పరిచేస్తారు, కోత అయ్యాక ఎత్తేసి పక్క చేలో వేస్తారు. కంకర పరుపూ లేదు, కట్టా లేదు. 400 నుంచి 600 మిల్లీమీటర్ల గేజ్‌లో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1876లో బెర్లిన్‌లో మొదలైన ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ కంపెనీ కూడా ఇలాంటి పట్టాలూ బండ్లూ ఇంజన్లూ కలిపి ఒకే చోట అమ్మింది. వాళ్ళు ఇంజన్లను 20, 30, 50 హార్స్‌పవర్ అంటూ ఈ కాలంలో మోటార్లు అమ్మినట్టే అమ్మేవాళ్ళు.

అలాంటి పట్టా మీదికి ఇరుసుకు పది టన్నులు పడే ఇంజన్‌ను ఎక్కిస్తే పట్టా వంగిపోతుంది. ఇరుసుకు మూడు నాలుగు టన్నులు దాటకూడదు. రెండు ఇరుసుల ఇంజన్ అయితే మొత్తం ఎనిమిది టన్నులు. తోట ఇంజన్లు పొట్టిగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

మలుపు లెక్క

రెండో కారణం మలుపు. దీన్ని లెక్క వేసి చూస్తేనే బాగా తెలుస్తుంది.

మూడు ఇరుసులున్న ఇంజన్ వంపులోకి వచ్చిందనుకుందాం. ముందు, వెనక చక్రాలు పట్టాను పట్టుకుని ఉంటే, మధ్య చక్రం ఉన్నచోట పట్టా పక్కకు జరిగి ఉంటుంది. ఎంత పక్కకు? మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. తోట లైనులో వంపు వ్యాసార్ధం 20 మీటర్లు అనుకుంటే, ఇరుసుల మధ్య 4 మీటర్లున్న ఇంజన్‌కు 16ను 160తో భాగించాలి. పది సెంటీమీటర్లు. మధ్య చక్రం పట్టా మీద అంత పక్కకు జరగడం కుదిరే పని కాదు. ఇంజన్ పడిపోనైనా పడాలి, పట్టా విరిగైనా పోవాలి. అదే ఆ దూరం 1.4 మీటర్లయితే 12 మిల్లీమీటర్లే వస్తుంది. చక్రానికీ పట్టాకూ మధ్య ఉండే సందులో అది సర్దుకుపోతుంది. అసలు మధ్య ఇరుసే లేకుండా రెండు ఇరుసులతో సరిపెడితే ఇంకా తేలిక.

రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, అన్నీ తిప్పేవే. ముందూ వెనకా ఉత్త చక్రాలు లేవు. దీన్నే 0-4-0 అని రాస్తారు. మొదటి సున్నా ముందు ఉత్త చక్రాలు లేవని, నాలుగు అంటే శక్తి అందే చక్రాలు నాలుగని, చివరి సున్నా వెనక కూడా ఉత్త చక్రాలు లేవని. డార్జిలింగ్‌లో 1889 నుంచి తిరిగిన బి-క్లాస్ ఇంజన్లు ఇదే రకం.

బలం చాలక మూడు ఇరుసులు కావాల్సి వస్తే? అప్పుడు ఇంజనీర్లు రకరకాల ఒడుపులు వెతికారు. కొందరు మధ్య చక్రానికి అంచు తీసేశారు. మాథెరాన్ కొండ రైలుకు ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ ఇచ్చిన ఇంజన్లలో క్లీన్–లిండ్నర్ ఇరుసులు పెట్టారు. గట్టి ఇరుసు చుట్టూ ఒక బోలు గొట్టం ఇరుసు, మధ్యలో బంతి కీలు. లోపలి ఇరుసు పక్కకు మళ్ళకుండా తన చోటే తిరుగుతూ ఉంటే, బయటి గొట్టం చక్రాలతో సహా వంపుకు తగ్గట్టు ఒరుగుతుంది. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంటుంది. మరమ్మతు చేసే మెకానిక్‌ను అడిగితే వేరేలా చెబుతాడు.

తోట ఇంజన్ ఎంత లాగుతుంది: ఒక లెక్క

ఊహకు ఒక తోట ఇంజన్ తీసుకుందాం. బరువు 8 టన్నులు. పాత క్యాటలాగులు అంగుళాల్లోనే ఉంటాయి కాబట్టి మనమూ అలాగే పోదాం. సిలిండర్ అడ్డకొలత 7 అంగుళాలు, పిస్టన్ నడక 10 అంగుళాలు, చక్రం 24 అంగుళాలు, బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 150 పౌండ్లు.

లాగుడు బలానికి పాత సూత్రం ఇది: సిలిండర్ అడ్డకొలతను దానితోనే గుణించి, పిస్టన్ నడకతో, పీడనంతో గుణించి, చక్రం కొలతతో భాగించాలి. దారిలో పోయే నష్టాలకు 85 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. మన ఇంజన్‌కు సుమారు 2,600 పౌండ్లు వస్తుంది, అంటే 1,180 కిలోలు.

ఈ బలంతో ఎంత లాగొచ్చు? సరిగా చదును చేయని తోట పట్టా మీద ఒక టన్నును కదిలించడానికి పది కిలోల బలం కావాలనుకుందాం. 1,180ని పదితో భాగిస్తే 118 టన్నులు. ఇంజన్ బరువు 8 తీసేస్తే 110 టన్నులు. ఉత్తదే టన్ను తూగి, మూడు టన్నుల చెరకు పట్టే బండ్లను కడితే 27 బండ్లు, 81 టన్నుల చెరకు. రోజుకు 1,200 టన్నులు ఆడే మిల్లుకు ఇలాంటి 15 ట్రిప్పులు చాలు. అదే చెరకును టన్నున్నర పట్టే ఎద్దుల బండ్ల మీద తోలాలంటే 800 బండ్లు కావాలి. జావా, క్యూబా, హవాయి, ఫిజీ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లలో మిల్లు యజమానులు ఎగబడి పట్టాలు వేసుకోవడానికి ఈ తేడాయే కారణం.

ఇదంతా చదును నేల మీద. ఎక్కుడు వస్తే లెక్క తిరగబడుతుంది. 40 అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే దారిలో ప్రతి టన్నుకూ అదనంగా 25 కిలోల బలం కావాలి. పాత పదితో కలిపి 35. 1,180ని 35తో భాగిస్తే 34 టన్నుల లోపే వస్తుంది. ఇంజన్ పోను 26 టన్నులు కూడా నిండవు. 20 అడుగులకు ఒక అడుగు లేస్తే 11 టన్నులు పైచిలుకు. పది అడుగులకు ఒక అడుగు లేస్తే రెండున్నర టన్నుల చిల్లర. అంటే ఒక్క చెరకు బండి కూడా నిండుగా రాదు. ఇంజన్ తనను తాను పైకి మోసుకుపోవడంలోనే అయిపోతుంది.

చెరకు పల్లపు భూముల పంట కాబట్టి తోట ఇంజన్‌కు ఈ అవస్థ లేదు. దుంగలు మాత్రం కొండ మీదే దొరుకుతాయి.

నీళ్ళు ఎక్కడ పెట్టాలి, ఏం కాల్చాలి

పెద్ద ఇంజన్‌కు వెనక టెండర్ అనే వేరే బండి ఉంటుంది, బొగ్గూ నీళ్ళూ అందులో. చిన్న ఇంజన్‌కు అది దండగ బరువు, మలుపులో అడ్డు. అందుకే నీళ్ళ ట్యాంకును ఇంజన్ మీదే పెట్టుకున్నారు. బాయిలర్ మీద జీను వేసినట్టు ఒక రకం, రెండు పక్కలా డబ్బాల్లా ఒక రకం, చక్రాల మధ్య ఫ్రేములో దాచినట్టు ఒక రకం. చివరిది బరువును నేలకు దగ్గరగా ఉంచుతుంది కాబట్టి అదిరే పట్టా మీద నిలకడగా ఉంటుంది. నీళ్ళు ఇంజన్ మీదే ఉండటంలో ఇంకో లాభం ఉంది. ఆ బరువు చక్రాలను పట్టాకు అదిమి పడుతుంది. తిరకాసేమిటంటే, నీళ్ళు అయిపోయే కొద్దీ ఆ పట్టు కూడా తగ్గుతుంది.

ఇంధనం దొరికినదే. అడవిలో కట్టె, చక్కెర మిల్లులో చెరకు పిప్పి. ఎండు కట్టె కిలోకు ఇచ్చే వేడి మంచి బొగ్గులో సుమారు సగమే. కందుకూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్లకు పుల్లలు ఎగదోసినవాళ్ళకు కట్టె ఎంత తొందరగా అయిపోతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. కట్టెతో ఇంకో ప్రమాదం నిప్పురవ్వలు. ఎండిన అడవిలోనో, కోతకొచ్చిన చెరకులోనో ఒక్క రవ్వ పడితే చాలు. పాత బొమ్మల్లో కట్టె ఇంజన్ల పొగగొట్టాలు పైన పెద్ద గుండ్రటి బుట్టలా ఉబ్బి కనిపించడం అందం కోసం కాదు. లోపల రవ్వలను తిప్పి కొట్టి ఆర్పే పలకలు, జల్లెడలు ఉంటాయి.

అసలు నిప్పే లేని ఇంజన్లు కూడా ఉన్నాయి. జావాలోని సెంబోరో చక్కెర మిల్లులో వాడినవి ఈ రకం. మిల్లు బాయిలర్ నుంచి వేడినీళ్ళూ ఆవిరీ ఒక పెద్ద పీపాలోకి ఎక్కిస్తారు. ఆవిరి వాడే కొద్దీ లోపల పీడనం తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా ఆ వేడినీళ్ళు మళ్ళీ కొంత ఆవిరవుతాయి. పీపా చల్లారేలోపు మిల్లుకు తిరిగి రావాలి, అంతే షరతు.

గేర్ ఇంజన్ ఎందుకు పుట్టింది

ఎక్కుడు దగ్గర మన 8 టన్నుల ఇంజన్ ఓడిపోయింది కదా. దానికి గేర్లు పెట్టి, పిస్టన్ తిప్పే క్రాంకు (వంకర ఇరుసు) రెండుసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగేలా చేస్తే? లాగుడు రెట్టింపై 2,360 కిలోలు అవుతుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌ను లో గేర్‌లో పెట్టడం లాంటిదే ఇది, వేగం తగ్గి బలం పెరుగుతుంది. అయితే ఇక్కడ ఒక గోడ అడ్డొస్తుంది. ఆరిన ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారకుండా పట్టుకునే బలం, ఆ చక్రం మీద పడే బరువులో సుమారు నాలుగో వంతు. 8 టన్నులకు అది 2,000 కిలోలే. గేర్లు 2,360 ఇస్తామన్నా చక్రం గిర్రున తిరిగి జారిపోతుంది. వానలో పట్టు ఇంకా తగ్గి ఆరో వంతుకు, ఏడో వంతుకు పడిపోతుంది. డార్జిలింగ్‌లో ఇంజన్ ముందు మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేది ఇందుకే.

అంటే గేర్లు ఒక్కటే చాలవు. ఇంజన్ బరువు పెరగాలి, ఆ బరువంతా తిరిగే చక్రాల మీదే పడాలి, అయినా ఒక్కో ఇరుసు మీద భారం పెరగకూడదు, మలుపులో బిగుసుకోకూడదు. ఈ నాలుగూ ఒకేసారి తీర్చినవాడు మిషిగన్‌లో కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే. అతని అడవి ట్రామ్‌వే పట్టాలు కర్రవి. మామూలు ఇంజన్ వాటిని నలగ్గొట్టింది. దాంతో అతను బాయిలర్‌ను ఒక చదును బండి మీద పెట్టి, సిలిండర్లను ఒక పక్కన నిలువుగా బిగించి, వాటితో ఒక పొడవాటి షాఫ్టును తిప్పించాడు. బండి కింద గూడ్సు వ్యాగన్‌కు ఉన్నట్టే, మలుపుకు తగ్గట్టు విడిగా తిరిగే చక్రాల చట్రాలు. షాఫ్టు నుంచి పళ్ళ చక్రాల ద్వారా ప్రతి ఇరుసుకూ శక్తి అందుతుంది. మలుపులో షాఫ్టు సాగి ముడుచుకునేలా జారే కీళ్ళు పెట్టాడు. ఆలీషాన్ వీడియోల్లో కనిపించేది ఈ షే రకం ఇంజనే. 1881లో దీనికి పేటెంట్ వచ్చింది. ఒహాయోలోని లైమా కంపెనీ 1945 దాకా ఇలాంటివి సుమారు 2,770 చేసింది.

సిలిండర్లన్నీ కుడివైపే ఉంటే ఇంజన్ అటు ఒరగదా అనే అనుమానం రావచ్చు. అందుకే షే ఇంజన్‌లో బాయిలర్‌ను మధ్యలో కాక కాస్త ఎడమకు జరిపి పెట్టారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజన్ మొత్తం ఒక పక్కకు తప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు 20 టన్నుల ఇంజన్లు రెండు పోల్చుదాం. ఒకటి షే రకం, బరువంతా తిరిగే చక్రాల మీదే. ఇంకొకటి చక్రాలను కడ్డీలతో కలిపే మామూలు రకం, టెండర్, ఉత్త చక్రాలు పోగా తిరిగే చక్రాల మీద 12 టన్నులు. దారి నూరు అడుగులకు ఎనిమిది అడుగులు లేస్తుంది, అంటే టన్నుకు 80, పట్టా నిరోధం పది, మొత్తం 90 కిలోలు. షే ఇంజన్ పట్టు 5,000 కిలోలు. దాన్ని 90తో భాగిస్తే 55 టన్నులు, ఇంజన్ పోను 35. కడ్డీల ఇంజన్ పట్టు 3,000 కిలోలు. 33 టన్నులు, ఇంజన్ పోను 13. అదే బరువు, అదే దారి, మూడు రెట్లకు దగ్గర తేడా.

ఇంకో సూక్ష్మం ఉంది. రెండు సిలిండర్ల కడ్డీల ఇంజన్‌లో చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు తోపులు పడతాయి, మధ్యమధ్య బలం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. బలం హెచ్చిన ఆ క్షణంలోనే చక్రం జారుతుంది. మూడు సిలిండర్ల షేలో క్రాంకు ఒక చుట్టుకు ఆరు తోపులు. గేర్ నిష్పత్తి రెండున్నర అనుకుంటే చక్రం చుట్టుకు పదిహేను. బలం నిలకడగా అందుతుంది. వీడియోలో ఇంజన్ గబగబా రొప్పుతూ నెమ్మదిగా పోవడానికి కారణం కూడా ఇదే. చప్పుడు సిలిండర్లది, నడక చక్రాలది. గంటకు పాతిక కిలోమీటర్ల లోపే దాని పరుగు.

షేకు పోటీగా మరో రెండు వచ్చాయి. పెన్సిల్వేనియాలో తయారైన క్లైమాక్స్‌లో సిలిండర్లు రెండు పక్కలా ఏటవాలుగా ఉండి, శక్తి మధ్య షాఫ్టు ద్వారా పోతుంది. అదే రాష్ట్రంలో తయారైన హైస్లర్‌లో రెండు సిలిండర్లు బాయిలర్ కింద వి ఆకారంలో ఉంటాయి. మూడింటిలో ఏది గొప్ప అన్న వాదన వాటి అభిమానుల మధ్య ఇప్పటికీ తెగలేదు. షే పక్షంవాళ్ళు యంత్రమంతా బయటే ఉండటం వల్ల అడవిలోనే, చెట్టు కిందే మరమ్మతు చేసుకోవచ్చంటారు. అది నిజమే. హైస్లర్ పక్షంవాళ్ళు దానికి వేగం ఎక్కువ, గేర్లు మూతలో ఉండి దుమ్ము పడదు అంటారు. అదీ నిజమే. అమ్మకాలు చూస్తే షే ముందు మిగతా రెండూ నిలవలేదు. క్లైమాక్స్ వెయ్యి దాకా, హైస్లర్ ఆరువందల చిల్లర.

మన దేశంలో ఏ దారి పట్టారు

పరంబికుళం అడవి కొండ మీద ఉంది. అయినా అక్కడ ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ వాళ్ళ కడ్డీల ఇంజన్లే వాడారు. ఎలా కుదిరింది? నిటారు చోట్ల ఇంజన్‌ను వదిలేసి ఏటవాలు పట్టాలు, తాళ్ళు పెట్టారు. కిందికి దిగే నిండు బండ్ల బరువే, తాడు రెండో కొసకు కట్టిన ఉత్త బండ్లను పైకి లాగుతుంది. చదునుగా ఉన్నచోట మాత్రం ఇంజన్. సుమారు 80 కిలోమీటర్ల ఈ మార్గం 1907 నుంచి 1963 దాకా నడిచింది.

ఏది తెలివైన పని అన్నదానికి ఒక్క జవాబు లేదు. దుంగలు ఎప్పుడూ కిందికే రావాలి, పైకి పోయేవి ఉత్త బండ్లు. కాబట్టి తాడు పద్ధతిలో ఇంధనం దాదాపు ఖర్చు కాదు, ఖరీదైన గేర్ ఇంజన్ అక్కర్లేదు. కానీ ప్రతి ఏటవాలు దగ్గరా రైలును ముక్కలు చేసి, రెండేసి బండ్లు దించి, మళ్ళీ కూర్చాలి. రోజుకు దిగే సరుకుకు అక్కడే హద్దు పడుతుంది. మనుషుల కూలి తక్కువైన చోట తాడు లాభం, సరుకు ఎక్కువైన చోట గేర్ ఇంజన్.

మున్నార్ టీ తోటల కథ ఇంకో రకం. కుండల లోయలో 1902లో వేసింది ఒంటి పట్టా మార్గం, లాగింది ఎద్దులు. 1908లో దాన్ని 610 మిల్లీమీటర్ల న్యారో గేజ్ చేసి ఆవిరి ఇంజన్లు తెచ్చారు. టాప్ స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి తీగ మార్గంలో తమిళనాడు వైపు. 1924 వరదల్లో ఆ లైను కొట్టుకుపోయింది, మళ్ళీ వేయలేదు.

నెల్లూరు, ప్రకాశం నేల ఏం చెబుతుంది

ఇలాంటి రైలు బతకాలంటే మూడు షరతులు కుదరాలి. ఒకే యజమాని కింద, లేదా ఒకే సర్కారు శాఖ కింద, విడదీయని పెద్ద విస్తీర్ణం. ఒకే చోటికి చేరే ఒకే సరుకు. అంతకంటే చవకైన దారి పక్కన లేకపోవడం.

మన దగ్గర మూడో షరతు చాలాచోట్ల ముందే తప్పిపోయింది. ఇస్రో రాకముందు శ్రీహరికోట మద్రాసుకు వంటచెరకు ఇచ్చిన అడవి. పక్కనే బకింగ్‌హామ్ కాలువ. పడవలో వేస్తే నీరే మోస్తుంది, ఎక్కుడూ దిగుడూ లేదు. కాలువ గట్టున ఉన్న సరుగుడు తోటకు రైలు ఎంత చవకైనా దండగే. నల్లమలలో అయితే నంద్యాల–గిద్దలూరు మధ్య ప్రధాన రైలు మార్గమే అడవి గుండా పోయింది. 1990ల్లో బ్రాడ్ గేజ్‌గా మారింది గానీ ఆ లైను పుట్టుక పందొమ్మిదో శతాబ్దం.

మొదటి షరతు పెన్నా ఆయకట్టులో కుదరదు. కోవూరు షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ఒక్కో రైతు ఎకరా, రెండెకరాల నుంచి వచ్చేది. ప్రతి గట్టు మీదా ఒక హక్కు, ప్రతి కాలువ మీదా ఒక తగాదా. అందులోంచి పట్టా వేయాలంటే ఇంజనీరు కంటే ముందు వకీలు కావాలి. ట్రాక్టర్ అయితే ఏ డొంకలోంచైనా పోతుంది. ప్రకాశంలో జామాయిల్, సుబాబుల్ కూడా అంతే. కర్ర ఒక్కచోట లేదు, ఏటా ఒకే చేలో నరకరు. లారీ అందుకే గెలిచింది. క్వీన్స్‌లాండ్‌లో చెరకు రైతులూ వేరువేరు మనుషులే కదా అని అడగొచ్చు. నిజమే. అక్కడ పొలాలు పెద్దవి, పట్టాలు మిల్లులు వేసినవి. ఇప్పటికీ సుమారు 4,000 కిలోమీటర్ల 610 మిల్లీమీటర్ల లైన్లు అక్కడ నడుస్తున్నాయి. ఇంజన్లు మాత్రం డీజిల్.

అడవిని తిన్నది రైలేనా

ఈ ఇంజన్ల గురించి ముచ్చటగా మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. ఆలీషాన్ లైను జపాన్ పాలకులు వేసింది, వందల ఏళ్ళ సైప్రస్ చెట్లను దింపడానికి. మిషిగన్‌లో తెల్ల పైన్ అడవులు చాలావరకు ఖాళీ అయ్యాయి. రైలు రాకముందు నదికి దగ్గరున్న చెట్లనే కొట్టేవాళ్ళు, ఎందుకంటే దుంగ తేలి రావాలి. రైలు వచ్చాక కొండ లోపలి చెట్టుకూ ధర వచ్చింది. ఆ లెక్కన ఇంజన్‌ది నేరమే అంటారు కొందరు.

రెండో వాదన ప్రకారం గొడ్డలి పట్టించింది అనుమతి, ధర, పాలన. పరంబికుళం ట్రామ్‌వే ఆగిపోయాక కూడా కలప లారీల్లో కదలగలిగేది, ఎంత నరకాలన్నది కాగితం మీద తేలేది. పైగా రోడ్డుకంటే పట్టాకు తక్కువ వెడల్పు చాలు, లైను ఎత్తేస్తే అడవి మళ్ళీ కమ్ముకుంటుంది. నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది గానీ, మొదటిదాన్ని కొట్టిపారేయలేను. చవకైన దారి దొరికాక తక్కువ నరికిన చరిత్ర ఎక్కడా పెద్దగా లేదు.

మిగిలిన ఇంజన్లను నడపాలా, దాచాలా

ఇప్పుడు నడుస్తున్న తగువు ఇది. ఆవిరి ఇంజన్ నడిస్తే అరుగుతుంది. బాయిలర్ గొట్టాలు, గేర్ల పళ్ళు, చక్రాల అంచులు మారుస్తూ పోవాలి. కొన్నేళ్ళకు అసలు ఇనుము ఎంత మిగిలిందన్న అనుమానం వస్తుంది. చరిత్రకారులు అందుకే మ్యూజియంలో పెట్టమంటారు. నడిపేవాళ్ళ జవాబు వేరు. నిలబెట్టిన ఇంజన్ ఇనుమును దాస్తుంది, దాన్ని నడిపే పనితనాన్ని దాచలేదు. బాయిలర్‌కు నీరు ఎప్పుడు ఎక్కించాలి, ఎక్కుడు ముందు నిప్పు ఎంత పరచాలి అన్నవి ఒక ఫైర్‌మన్ దగ్గర ఇంకో ఫైర్‌మన్ నేర్చుకునేవే.

ఆచరణలో చాలాచోట్ల రెండూ చేస్తున్నారు. ఆలీషాన్‌లో కొన్ని షే ఇంజన్లు పండగ రోజుల్లో, పూల కాలంలో ఆవిరి పోసుకుంటాయి, మిగతావి ప్రదర్శనకు నిలబడ్డాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో కాస్ కొండ మీద 1945లో తయారైన ఆఖరి షే ఇంజన్ నూటికి పది దాటే ఎక్కుళ్ళ మీద పర్యాటకులను తీసుకెళ్తోంది. మన దగ్గర ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో పటియాలా మోనోరైల్ ఇంజన్ ఉంది. దాన్ని చేసింది కూడా ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ కంపెనీయే. బరువు దాదాపు అంతా ఒకే పట్టా మీద, పక్కన రోడ్డు మీద ఆసరాకు ఒక చక్రం. అది మామూలు రోజుల్లో ప్రదర్శన వస్తువే అయినా, బాగుచేసి ఆవిరితో నడిపి చూపించిన సందర్భాలు ఉన్నాయి.